పాత పోస్టాఫీసు బొమ్మల శాలలో మా తలుపు, దాని మీద ఏడో చుక్క

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా కోడలు సత్యవతి రాస్తోంది. నడుమ తన మాటలు ఇరికిస్తే ఊరుకోనని ముందే చెప్పాను. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి లేచిపోయిన ఊరు మాది. అక్కడ ముప్పై ఏళ్లకు పైగా మంత్రసాని పని చేశాను. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఇంటి కలపంతా పాత కలప కొనే అడితివాళ్ల బండికెక్కించి సబ్బవరం వచ్చేశాం. మా వీధి తలుపూ ఆ బండిలోనే పోయింది. ఏ పొయ్యిలోకో పోయి ఉంటుందని ఇన్నేళ్లూ అనుకున్నాను. పోయిన వారం కూర్మన్నపాలెం నుంచి మా పినతల్లి కూతురు పైడమ్మ వచ్చి, "అప్పా, నీ తలుపు పట్నంలో గోడకి యేలాడగట్టీసినారు. జనం సెప్పులిప్పి మరీ సూత్తన్నారు" అంది. "ఎనకాల ఇల్లు నేని తలుపుని ఎవులు సూత్తారే?" అని కసిరాను. కసిరానే గాని, మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని బయలుదేరాను.

సబ్బవరంలో పొద్దున్న ఏడు గంటల బస్సెక్కాం. పెందుర్తి, గోపాలపట్నం మీదుగా కంచరపాలేనికి గంటకు పైనే పట్టింది. టిక్కెట్టు మనిషికి రెండు రూపాయల లోపే. కండక్టరు నన్ను చూసి, "మామ్మా, పెళ్లికా, ఆస్పత్రికా?" అన్నాడు. "నా తలుపు సూడ్డానికి" అన్నాను. "తాళం మరిసిపోనావేటి?" అన్నాడు. బస్సంతా ఒకటే నవ్వు. "మరవలేదు నాయినా, నీ నోటికెయ్యడానికి తెత్తన్నాను" అన్నాను. ఇంక దిగేదాకా నా వంక చూడలేదు. కంచరపాలెంలో సిటీ బస్సు మారి పాత పోస్టాఫీసు దగ్గర దిగాం. అక్కడి నుంచి హార్బరు వైపు అయిదు నిమిషాల నడక.

బొమ్మల శాల అంటే మేడా కాదు, మిద్దే కాదు. ఒకప్పటి గోనెసంచుల గోదాము. ఆ వీధివాళ్లే కూడబలుక్కుని సున్నం కొట్టి మూడు గదులు చేశారు. పది నుంచి ఒంటిగంట దాకా, మళ్లీ నాలుగు నుంచి ఏడు దాకా తీసి ఉంటుంది. టిక్కెట్టు లేదు, సోమవారం సెలవు. నెలనెలా గదుల్లో సరుకు మారుస్తారట. మొదటి గదిలో పోర్టు కళాసీ ఒకాయన తీసిన ఓడల ఫొటోలున్నాయి. రెండో గదిలో జాలరిపేట ఆడవాళ్లు చిరిగిన వలలతో అల్లిన చేపలు. సొరచేప నోరు చూసి సత్యవతి నా చెయ్యి పట్టుకుంది. మూడో గది నిండా, అడితుల్లో ఏరి తెచ్చిన, లేచిపోయిన ఊళ్ల తలుపులు. వాటి నడుమ, కిటికీకి ఎదురుగా, మాది.

కింద అంటించిన కాగితం సత్యవతి చదివింది. "పల్లె తలుపు. జానపద అలంకారం. కళాకారుడు తెలియదు అని రాసారత్తా."

"అలంకారమేటి? తెలీకపోడమేటి? నాను సచ్చిపోనాననుకున్నారా?"

అది అలంకారం కాదు. కాన్పు చేసి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, తలుపు లోపలివైపు వేలితో చుక్క పెట్టేదాన్ని. మగపిల్లాడైతే సున్నం, ఆడపిల్లైతే ఎర్రటి జేగురు. ఉగాదికి ఉగాదికీ కొత్త వరస. బిడ్డ ఏడవకపోతే వేలెడు చోటు ఖాళీగా వదిలేసేదాన్ని. రాయడం రానిదానికి అదే పుస్తకం.

దగ్గరికెళ్లి చూశాను. ఖాళీ అన్నది ఒక్కటీ లేదు. పైనుంచి కింద దాకా చుక్కలే.

నా కేకలకు ఆ శాల చూసుకునే డ్రాయింగు మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. "అక్కడక్కడా రంగు రాలిపోయిందనుకున్నానమ్మా. అందం చెడుతుందని నింపాను. పాతవి వెలిసిపోతే వాటినీ దిద్దాను. తేడా తెలియకూడదని నాలుగు రోజులు కూర్చున్నాను" అన్నాడు.

"సచ్చిన పిల్లల్ని బతికించీసినావు బాబూ! ఆళ్ల తల్లులొచ్చి సూత్తే ఏటి సెప్తావ్?"

సంగతి విన్నాక ఆయన వెళ్లి తన నోటుపుస్తకం తెచ్చాడు. ఏడు చోట్ల నింపినట్టు రాసుకున్నాడు గాని, ఏయే చోట్లో రాసుకోలేదు. "ఏ చుక్క నాదో నేనే చెప్పలేనమ్మా" అన్నాడు.

"నాను సెప్తాను. తడిగుడ్డ తే."

మొదటి వరస నుంచి వేలు పెట్టి పేర్లు చెప్పుకుంటూ వచ్చాను. చూడ్డానికి వచ్చినవాళ్లంతా వెనకాల మూగారు. గౌరమ్మ తొలిచూలు దగ్గర ఆగాను, తుడిచాను. కుమ్మరి అప్పాయమ్మ కవలల్లో రెండోది, తుడిచాను. అలా ఆరు తుడిచాను. చివరి వరస చివరి చుక్క దాకా వచ్చేశాను.

"అత్తా, అన్నిటికీ పేరు సెప్పీసినావు" అంది సత్యవతి.

"ఏడోదేదే?"

మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మూడోసారీ చెప్పాను. ఏ చుక్క మీద వేలు పెట్టినా నోటికి ఒక పేరు వచ్చేస్తోంది. బతికిన బిడ్డ పేరు. మాస్టారు లెక్క తప్పేమో అన్నాను. ఒక్కో ఖాళీకి విడిగా రంగు కలిపిన ఆకుదొప్పలు కూడా ఏడేనని ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఏ బిడ్డకో నేను రెండు చుక్కలిచ్చేస్తున్నాను. ఏ బిడ్డనో పూర్తిగా మరిచిపోయాను.

"పోనీలే అత్తా, ఒక్కటే గదా" అంది కోడలు.

"ఒక్కటేటే! కన్నదానికీ ఒక్కటే గదా!"

తలుపు దించేసి ఇంటికి పంపించేస్తానన్నాడు మాస్టారు. వద్దన్నాను. ఇంట్లో పెట్టుకుంటే నేను తప్ప చూసేవాళ్లెవరు? పాత కాగితం చింపించి, నేను చెప్పినట్టు కొత్తది రాయించాను: "ఇది మంత్రసాని సన్నెమ్మ తలుపు. తెల్లచుక్క మగపిల్లాడు, ఎర్రచుక్క ఆడపిల్ల. ఖాళీ చోటు ఏడవని బిడ్డ. ఇందులో ఒక చుక్క అబద్ధం." ఒంటిగంటకు శాల మూసేశారు. తిరుగు బస్సులో సత్యవతి పులిహోర పొట్లం విప్పింది. నేను వేళ్ల మీద మళ్లీ పేర్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఆ తలుపు ముందు నిలబడే దాకా నా గుర్తుకు ఎదురులేదని నా ధీమా. మాస్టారు ఎరగక నింపాడు. నేను నా చేతుల్లో పట్టుకున్న బిడ్డను మరిచాను. ఎవరి ఇంట్లో ఆ రోజు ఏడుపు వినపడలేదో, ఎవరి చేతిలోంచి ఆ మూట తీసుకుని బయటికి నడిచానో ఎంత తవ్వినా రావడం లేదు. మా ఊరివాళ్లు ఇప్పుడు తలోచోటా ఉన్నారు. ఆ తల్లి ఎవరో, ఎక్కడుందో. నేను మరిచినా ఆమె మరిచి ఉండదు. నా మీద కోపముంటే వచ్చి నాలుగు తిట్టమనండి, పడతాను. చోటు మాత్రం చూపించమనండి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. నెలాఖరు దాకా తలుపు అక్కడే ఉంటుంది. తేదీ తెలియదని ఆగిపోకండి, తేదీలు నాకూ తెలియవు. ఏ ఏడాదో, ఉగాదికి ముందో తర్వాతో, నూర్పులప్పుడో, మామిడికాయల రోజుల్లోనో గుర్తు తెచ్చుకుని వెళితే వరస దొరుకుతుంది. తడిగుడ్డ మాస్టారి దగ్గరుంది. తుడిచే చెయ్యి మాత్రం ఆ తల్లిదే కావాలని చెప్పి వచ్చాను.