కూర్మయ్య మావ తువ్వాలు

మా కూర్మయ్య మావకి ఖాళీ సీటు కనిపించిందంటే భుజం మీద తువ్వాలు ఊరుకోదు. పాతపట్నం కాంప్లెక్సులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు లోపల పడిపోవాలి. ఆ పని లోకమంతా చేస్తుంది, కాదనను. మావ బస్సుతో ఆగలేదు. మంగలి కుర్చీ, పెళ్ళి బంతి, రేషను కొట్టు అరుగు, ఆఖరికి నోట్లో ఒక్క పన్నూ నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు కుర్చీ మీద కూడా వేసొచ్చాడు. అందుకే భుజాన ఎప్పుడూ నాలుగు తువ్వాళ్ళుంటాయి.

"ఎవుర్దిది?" అని ఎవరైనా అన్నారో, అయిపోయారంతే!

"నాదే! ముట్టుకున్నావంటే సూడు!"

మా ఈశ్వరత్తని కదిపితే పెళ్ళిచూపుల కథ మొదలెడుతుంది. "నా పక్క కుర్సీ మీద తువ్వాలేసి ఎటో ఎల్లిపోనాడ్రా. గంటసేపు తువ్వాల్నే సూసినాను. సరే, ఒద్దికగానే ఉన్నాది కదాని ఒప్పీసుకున్నాను."

నేను టీవీకి కార్టూన్లు గీసి బతుకుతున్నాను. నా కామెడీ సీరియల్లో హీరో ఒక పోస్టుమేను. వాడెవడికి కావాలి? వారానికొక్క నిమిషం వచ్చి, సీటు మీద తువ్వాలేసి, అందర్నీ నిలబెట్టి, తను కాలు మీద కాలేసుకుని కూర్చునే 'తువ్వాలు మావ' కావాలి జనానికి. ఎవరిని చూసి గీశానో మీకు చెప్పక్కర్లేదు. మావకి మాత్రం చెప్పలేదు, భయం.

ఆ సంగతి ఛానెల్ వాళ్ళకి తెలిసిపోయింది. "అసలు మనిషి ఒప్పుకున్నట్టు సంతకం కావాలి కళ్యాణ్, సోమవారంలోగా. లేదంటే మావ ఉండడు. మావ లేకపోతే మీ సీరియల్ ఎవరు చూస్తారు?" అన్నారు. నా కూడు పోయేట్టుందిరా భగవంతుడా అనుకుంటూ శనివారం పొద్దున్నే పాతపట్నంలో దిగాను.

"ఇప్పుడే ఎల్లినాడు. కంటి డాక్టరు కాడ సూడు," అంది అత్త.

పరిగెత్తాను. బెంచీ మీద మావ తువ్వాలుంది, మావ లేడు. తువ్వాలు మీద జగ్గమ్మ అనే ముసలమ్మ కూర్చునుంది.

"అమ్మా, అది మా మావ సీటు. చూశాడంటే ఊరుకోడు!"

"ఆడే కదరా నాకోసం ఏసినాడు! మోకాళ్ళు నిలబడనివ్వవని తెల్లారే వచ్చి సీటాపుతాడు. నువ్వు రేషను కొట్టు కాడికెల్లు."

అక్కడా తువ్వాలే. దాని మీద కుంటి కాలు చాపుకుని సోములు. "బేగి పో, కాంప్లెక్సుకెల్లినాడు," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా మావని చూస్తున్నాను. ఒక్కసారీ ఏ సీట్లోనూ కూర్చోగా చూడలేదని అప్పుడు వెలిగింది నాకు. సిగ్గేసింది. చూడనిదాన్ని గీసి ఊరందర్నీ నవ్వించాను.

కాంప్లెక్సులో ఎండలో నిలబడి, తువ్వాలు ఉండచుట్టి బస్సుకోసం చూస్తున్నాడు మావ. ఎవరో బాలింతరాలు పక్కనే పిల్లనెత్తుకుని నిలబడింది.

"బేగి సెప్పు, బస్సొచ్చేస్తాది!" అన్నాడు నన్ను చూడగానే.

ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను.

"తెల్సులేరా. ప్రతీ వారం సూస్తన్నాను. నవ్వొస్తాది. ఒకటే తప్పు గీసినావు."

"ఏటి మావా?"

"నానెప్పుడు కూసున్నాన్రా?"

జేబులోంచి సంతకం పెట్టాల్సిన కాగితం తీశాను. మావ కాగితం లాక్కుని, "అటు తిరుగు," అని నా వీపు మీద పెట్టి రాయడం మొదలెట్టాడు. రాస్తూనే ఉన్నాడు.

"సంతకానికి ఇంతసేపేటి మావా? గిలిగింతలు పెడతన్నాది!"

"కదలకెహే!"

అంతలో బస్సు లోపలికి తిరిగింది. కాగితం నా చేతిలో కుక్కి, "ఆగండాగండి, నాదే ఆ సీటు!" అని అరుస్తూ పరిగెత్తాడు.

కాగితం విప్పాను. అడుగున సంతకం ఉంది, హమ్మయ్య! సంతకం పైన చీమల బారులా రాత. 'ఈ దిగువ వాళ్ళని బొమ్మలో కూసోబెడితేనే ఒప్పుకుంటాను. జగ్గమ్మ, మోకాళ్ళు. సోములు, కాలు...' అలా ఇరవయ్యేడు పేర్లు. ఆఖరిది, 'మా ఈశ్వరి. నడుం నొప్పి, ఎవరికీ సెప్పదు.'

సోమవారం ఛానెల్ వాళ్ళు అది చదువుకుని చాలాసేపు నవ్వుకున్నారు. "సరే కళ్యాణ్, ఇరవయ్యేడు ఎపిసోడ్లు. ముందు ఎవరిని కూర్చోబెడతావు?" అన్నారు.

"మా అత్తని," అన్నాను.