చర్చి గోడకు తాత పూసిన సున్నం

మొన్న మా చిన్నవాడు ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. ఇంగ్లండులో ఏదో పల్లెటూరి చర్చి, ఏడెనిమిది వందల ఏళ్ళ నాటిదట. కొనదేలిన కిటికీలు, గంట వేలాడే చిన్న గోపురం, రాతిగోడలకు బయట వరసగా ఆనించి కట్టిన లావుపాటి ఊతగోడలు. అచ్చం మా ఆండర్సన్‌పేట దగ్గరి చర్చే. ఆ ఊతగోడలు చూడగానే మా తాత గుర్తొచ్చి నవ్వొచ్చింది.

తాత బంగారు గనిలో దిగే మనిషి. దొరలు కట్టించిపోయిన ఆ చర్చికి ఎదురుగానే, గని కూలీలకు వరసగా వేసిన ఇళ్ళలో మా లైనిల్లు. గని లోపల బండ పగిలినప్పుడల్లా నేల అదిరి మా ఇంట్లో చెంబులు దొర్లేవి. చర్చి మాత్రం కదిలేది కాదు. దాంతో తాతకు అనుమానం పట్టుకుంది. "మనకు తడికె గోడలు, వాళ్ళ గుడికి ఇన్ని ఊతలా? కింద యాడ డొల్లగా ఉండాదో దొరలకు తెలుసు" అనేవాడు. చర్చిలో గంట కొట్టే ముసలాయన నచ్చజెప్పబోయాడు. "పైకప్పు బరువుకు గోడలు బయటికి తోసుకోకుండా కట్టినారప్పా. వాళ్ళ పల్లెల్లో పాత గుళ్ళన్నీ ఇట్లే ఉంటాయంట."

"ఆడ కింద గని తవ్వినారా?" అన్నాడు తాత. ముసలాయన గంట కొట్టే వేళయిందని లోపలికి పోయాడు.

ఒక ఊతగోడలో వెంట్రుకంత బీట ఉండేది. తాత మా అవ్వ ఆకువక్కల డబ్బీలోంచి సున్నం తీసి, బీటకు అడ్డంగా పూశాడు. గోడ కదిలితే సున్నం పగులుతుంది. "పగిలిన దినం మూట కట్టి మన సొంతూరు లక్కూరికి పోదాం. ఇంగ ఈ నేల మీద ఉండేది లేదు" అని తేల్చేశాడు. ప్రతి ఆదివారం లోపల పాటలు సాగుతుంటే, తాత బయట గోడకు ముక్కు ఆనించి నిలబడేవాడు. "కొత్త భక్తుడు వచ్చినాడే!" అని గంట ముసలాయన ఎగతాళి.

లక్కూరు మాటెత్తితే అవ్వ ముఖం మాడిపోయేది. అక్కడుంది వానను నమ్ముకున్న రాగిచేను, తోడికోడలి పెత్తనం. ఇక్కడ వీధి కొళాయి, సినిమా, నెలనెలా జీతం.

ఒక పొద్దున గట్టిగా అదిరింది. మా ఉట్టి తెగిపడింది. తాత షిఫ్టు దిగి నేరుగా చర్చికి పోయి చూసొచ్చి, "పగల్లేదే!" అన్నాడు, నమ్మలేనట్టు. "పోయినేడు పూసిన సున్నం ఇంత తెల్లగా ఉండాదేమే?"

"మంచుకు తడిసిందేమో" అంది అవ్వ, ఆకు మడుస్తూ. నేను ఆమె చూపుడువేలు చూశాను. గోరు కింద సున్నంతో పాటు రాతిపొడి. తాత దొరలందరినీ అనుమానించాడు గానీ, పక్కన కూర్చుని ఆకు మడిచే మనిషిని ఒక్కనాడూ అనుమానించలేదు.

అట్లా ఇక్కడే ఉండిపోయాం. గని మూతపడింది, తడికె ఇల్లు మిద్దె అయింది. ఇప్పుడు చిన్నవాడు పైన ఇంకో గది వేస్తానంటున్నాడు. నేను చర్చిదాకా నడిచి చూసొచ్చాను. బీట కాస్త వెడల్పయినట్టే తోచింది.

"యాడికి పోయినావమ్మా?" అన్నాడు వాడు.

"సున్నం పూసొచ్చినాను. అది పగలకుంటే కట్టుకో నాయనా."

పై గది మీద ఆశంతా కోడలిదే. ఆకువక్కలు వేసుకునే అలవాటు ఆమెకు లేదు, అయినా ఆమె గోళ్ళ మీద ఒక కన్నేసే ఉంచాను. ఆ దూరదేశపు చర్చి అన్ని వందల ఏళ్ళు దేని మీద నిలిచిందో నాకు తెలియదు గానీ, మా ఇంటి కాలమంతా గోరంత సున్నం మీదే గడిచిపోయింది.