కట్లక్క ఇంట్లో గాయం

అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆమెకు ఉంది కానీ, ఆ వీధిలో దాన్ని వాడేవాళ్ళు లేరు. ఆస్పత్రిలో కట్లు కట్టే గదిలో పని కాబట్టి అందరికీ కట్లక్క. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

సముద్రం ఒడ్డున ఊరు. ఏడాది పొడుగునా ఎండ, ఉక్క, ఎక్కడెక్కడి నుంచో వచ్చే యాత్రికులు. వచ్చినవాడు సంచీ గదిలో పడేసి చేసే మొదటి పని స్కూటరు అద్దెకు తీసుకోవడం. రెండో పని పడటం అని కట్లక్క అనుకునేది. రోడ్డు సముద్రం వైపు తిరిగే మలుపులో గాలికి ఇసుక కొట్టుకొచ్చి పేరుకుంటుంది. అది కంటికి ఆనదు, చక్రానికే తెలుస్తుంది. కంగారుపడి బ్రేకు నొక్కుతారు, బండి ఓ వైపు, మనిషి ఓ వైపు. ఎముకలు విరిగేది తక్కువ. మోకాలో మోచెయ్యో గీరుకుపోతుంది, అంతే. ఆ 'అంతే' అనే మాటే కట్లక్క ప్రాణం తీసేది. చల్లటి ఊళ్ళో దానంతటదే మానిపోయే గీరుడు ఇక్కడ చెమట, ఇసుక, ఈగలు, తడి అన్నీ కలిసి చూస్తుండగానే చీము పడుతుంది. వాళ్ళు మాత్రం 'చిన్న గీరుడే కదా' అని ఈత కొడతారు, తిరుగుతారు. చివరికి కుంటుకుంటూ వచ్చి ఆమె గది ముందు బల్ల మీద కూర్చుంటారు.

ఆ స్కూటర్లలో కొన్నింటిని అద్దెకిచ్చేది ఆమె మొగుడే. యాత్రికులు బాస్ అని పిలవగా పిలవగా వీధి కూడా బాస్ అనడం మొదలుపెట్టింది. బాస్ కొట్టుకి ఎదురుగా ఉన్న టీకొట్టు అతను వచ్చేపోయేవాళ్ళకి చెప్పి నవ్వేవాడు: "మొగుడు పడేసి పంపిస్తాడు, పెళ్ళాం కట్టు కట్టి పంపిస్తుంది. ఇంతకంటే చక్కటి కాపురం ఉంటుందా?" పెళ్ళయిన కొత్తలో కట్లక్క కూడా నవ్వేది. తర్వాత నవ్వినట్టు మొహం పెట్టేది. ఇప్పుడు టీకొట్టు దగ్గరికొచ్చేసరికి రోడ్డుకి అవతలి పక్కగా నడుస్తోంది.

మొగుడూ పెళ్ళాల మధ్య గొడవంటూ వస్తే అది చెప్పుల గురించే.

"హవాయి చెప్పులేసుకుని వచ్చినవాడికి బండి ఎందుకిస్తారండీ?" అనేది ఆమె. "నిక్కరూ చెప్పులూ. పడితే రోడ్డుకి తగిలేది ఒట్టి తోలేగా."

"బూట్లు లేవని వెనక్కి పంపిస్తే పక్క కొట్టుకెళ్తాడు. అయినా పడేవాడు బూట్లేసుకున్నా పడతాడు."

"పడడం గురించి కాదు నేను చెప్పేది. పడ్డాక ఎంత మిగులుతాడని."

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరకే తల్లీ" అని అతను టవలు దులిపి బయటికి వెళ్ళిపోయేవాడు.

పోనీ ఇంటికొస్తేనైనా తెరిపి ఉంటుందా అంటే, అదీ లేదు. ఆస్పత్రిలో వరస పెద్దదని వీధిలోవాళ్ళు సాయంత్రం ఇంటికే వచ్చేవాళ్ళు. 'అక్కా, ఈ ఒక్క కట్టు మార్చవూ' అని ఒకరు, 'అక్కా, ఇది పచ్చగా ఉందేంటో చూడవూ' అని ఇంకొకరు. ఒకరోజు ఆమె అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతుండగా పక్కింటావిడ మడమ తెచ్చి చూపించింది. కట్లక్క కంచం పక్కకి నెట్టింది.

"ఇకమీదట ఈ గుమ్మం లోపల పుండు అన్న మాట వినపడ్డానికి వీల్లేదు. ఎవరిదైనా సరే. ఏదున్నా ఆస్పత్రికి రండి. నేను మనిషిని" అంది.

పక్కింటావిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. గోడకానుకుని కూర్చున్న అత్తగారు "బాగా అన్నావమ్మాయ్, ఆ మాట ఎప్పుడో అనాల్సింది" అంది. మొగుడు తన అన్నం తిని లేచాడు.

ఆ రోజుల్లోనే సెలవు మీద భార్యతో వచ్చిన లెక్కల మాస్టారొకాయన ఆస్పత్రికి వచ్చాడు. మోకాలి మీద తెల్లగా ఏదో అట్ట కట్టి ఉంది.

"ఏంటిది?" అని అడిగింది కట్లక్క.

"టూత్‌పేస్టు" అన్నాడాయన నెమ్మదిగా. "మంట తగ్గుతుందన్నారు."

"దానికి ముందు?"

"సముద్రంలో... ఉప్పునీళ్ళకి పుండు మానుతుందని హోటల్లో..."

"నేను వద్దన్నాను సిస్టర్" అంది భార్య. "ఇంట్లోవాళ్ళ మాట ఎవరు వింటారు!"

కట్లక్కకు కోపం కూడా రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఆయన కాలు బేసిను మీద పెట్టించి, కుళాయి నీళ్ళు ధారగా వదిలి, సబ్బు నురగతో పేస్టంతా కరిగించింది. కింద పచ్చటి చీము, దాని కింద నల్లగా ఇసుక రేణువులు. తడి గాజుగుడ్డతో మెల్లగా ఒత్తి తుడుస్తుంటే మాస్టారు బల్ల అంచు పట్టుకుని ఎక్కాలు చదివినట్టు ఏదో గొణిగాడు.

"పడ్డరోజే ఇలా కడిగుంటే ఇంత నొప్పి ఉండేది కాదు" అంది ఆమె. రోజుకెన్నోసార్లు అనే మాటే. "లోపల ఇసుక పెట్టుకుని పైన ఏం పూసినా లాభం లేదండీ. స్పిరిట్ పొయ్యొద్దు, పౌడరు చల్లొద్దు. శుభ్రంగా కడిగి, పల్చగా ఆయింట్‌మెంటు రాసి, అంటుకోని కట్టు వేసుకోండి. రోజూ మార్చాలి, తడిస్తే వెంటనే మార్చాలి. మానేదాకా నీళ్ళల్లో దిగొద్దు."

టెటనస్ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నాడో ఆయనకు గుర్తులేదు. వేసింది. ఎరుపు ఎంతవరకు పాకిందో దాని చుట్టూ పెన్నుతో గీత గీసింది.

"ఈ గీత దాటి ఎరుపు వచ్చినా, వాపు ఎక్కువైనా, జ్వరం తగిలినా రేపు చూద్దాంలే అనుకోకండి. పరిగెత్తుకురండి."

"ఈ కాలుతో పరిగెత్తడమా?" అన్నాడు మాస్టారు. భార్య నవ్వింది. కట్లక్కకు నవ్వు రాలేదు. అప్పటికే తర్వాతి మోకాలు గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే ఆమెకు వాసన కొట్టింది. చీము వాసన. రోజంతా అందులోనే ఉన్నాను, ఒంటికి పట్టుకుందేమో అనుకుని తలస్నానం చేసింది. అయినా పోలేదు. పని చీర నానబెట్టి ఉతికింది. మర్నాడు సాయంత్రమూ అదే వాసన. సబ్బు మార్చింది, గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. 'ఇక ఈ వాసన నా ముక్కులోనే స్థిరపడిపోయింది కాబోలు' అనుకుంది. ఆ మాట అత్తగారితో అంటే ఆవిడ ఆమె చెయ్యి వాసన చూసి, "నీ దగ్గరేం లేదే" అంది. కట్లక్కకు దాని గురించి ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది. మంచం కనబడితే చాలు, ఒళ్ళు హూనమై పడిపోయేది.

మొగుడు కాస్త కుంటుతున్నాడు. అదేమిటని అడిగితే చీలమండ బెణికిందన్నాడు. ఇంట్లో నిక్కరు వేసుకునే మనిషి పొడుగు ప్యాంటు వేసుకుంటున్నాడు. ముందుగదిలో ఫ్యాను గాలి బాగా వస్తుందని అక్కడే పడుకుంటున్నాడు. అన్నీ ఆమె కళ్ళ ముందే జరిగాయి. కళ్ళు చూశాయి, మనసు పట్టించుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె కొట్టు మీదుగా వస్తుంటే అతను స్కూటర్ల మధ్య స్టూలు మీద కూర్చుని కనిపించాడు. రోడ్డు సెగలు కక్కుతోంది. అతను మాత్రం తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని వణుకుతున్నాడు. ఆమె దగ్గరికెళ్ళి నుదుటి మీద చెయ్యి వేసింది. నిప్పులా కాలుతోంది. అదే వాసన, ఇప్పుడు ముక్కు పక్కనే.

"ప్యాంటు ఎత్తండి" అంది.

"ఇక్కడా? ఏం లేదే, ఇంటికి..."

"ఎత్తమన్నానా!"

ఆ గొంతు విని టీకొట్టు అతను గ్లాసు కడగడం ఆపాడు. బాస్ ప్యాంటు మోకాలి దాకా లాగాడు. పిక్క మీద కాగితపు రుమాళ్ళు పొరలు పొరలుగా వేసి, బళ్ళకి వాడే టేపుతో చుట్టుకున్నాడు. టేపు చుట్టూ తెల్లటి పౌడరు గట్టిపడి ఉంది. కింద కాలు ఉబ్బి మెరుస్తోంది. ఎర్రటి చార ఒకటి మోకాలు దాటి తొడ వైపు పాకుతోంది. ఎన్నో కాళ్ళు చూసిన మనిషి, ఈ కాలు చూసి కాసేపు ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయింది.

జరిగిందేమిటంటే, బ్రేకులు బాగు చేయించిన బండి ఎలా ఉందో చూద్దామని అతను మలుపు దాకా వెళ్ళాడు. ఇసుక మీద జారాడు. కాళ్ళకి హవాయి చెప్పులు, ఒంటికి నిక్కరు.

"ఎందుకు చెప్పలేదండీ?" అంది ఆమె. "ఇంత ఇదవుతుంటే నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పులేసుకుని పడ్డానని నీకెలా చెప్పను?" అన్నాడు అతను, పళ్ళు కొట్టుకుంటుంటే. "అయినా నువ్వేగా గుమ్మం లోపల పుండు మాట ఎత్తొద్దన్నావు. అలసిపోయి వస్తున్నావు కదా, నాది కూడా ఎందుకులే అనుకున్నా. మిగిలిన మాత్రలేవో ఉంటే మింగాను" అన్నాడు.

దెప్పిపొడవడానికి అన్నమాట కాదది. దెప్పినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేది. టీకొట్టు అతనే గబగబా వచ్చి ఆటో పిలిచాడు, బాస్‌ని చంక కింద చెయ్యి వేసి ఎక్కించాడు. ఆ పూట అతను ఏ జోకూ వెయ్యలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాలు చూసి వెంటనే పట్నం పెద్దాస్పత్రికి పంపించింది. అక్కడ రక్తం పరీక్ష చేస్తే షుగర్ ఉన్నట్టు కూడా బయటపడింది. అది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. చర్మం కింద చీము నిండింది, కోసి శుభ్రం చెయ్యాలన్నారు. కాలు పోతుందా అని అడగడానికి కట్లక్కకు నోరు రాలేదు. ఆ ప్రశ్న ఆమె గది బల్ల మీద కూర్చుని ఎందరో అడిగారు. 'అలాంటిదేం లేదులెండి' అని, చూడకుండానే చెప్పిన రోజులున్నాయి. అత్తగారే అడిగింది. "ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేం. ఇప్పటికి భయం లేదు" అన్నాడు అక్కడి డాక్టరు.

వార్డులో రోజూ పొద్దున నర్సు వచ్చి కట్టు విప్పేది. మొదటిరోజు కట్లక్క చెయ్యి తెలియకుండానే గాజుగుడ్డ మీదికి పోయింది.

"అక్కా, మీరు వెనక్కి జరగండి" అంది ఆ నర్సు మర్యాదగా. "ఇక్కడ మీరు పేషెంటు తాలూకు మనిషి."

ఆమె జరిగింది. కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. సెలైను చుక్కలు పడుతున్నాయి. మొగుడు నొప్పికి దిండు అంచు పళ్ళతో కరిచాడు. చెయ్యడానికి ఆమెకు ఏ పనీ లేదు. ఎవరూ అక్కా అని పిలవడం లేదు. తల గోడకి ఆనించిందో లేదో, నిద్ర పట్టేసింది. పట్టపగలు, గొంతులూ బకెట్లూ మోగుతున్న ఆ వార్డులో, నోరు కాస్త తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి మొగుడు మంచం మీంచి చూస్తున్నాడు.

"గురక పెట్టావు" అన్నాడు.

"మీకు నొప్పి ఎలా ఉంది?"

"ఉంది. నువ్వు పడుకో ఇంకాసేపు."

ఆమెకు ఏడుపొచ్చింది.

జ్వరం దిగింది, ఎరుపు వెనక్కి తగ్గింది. కాలు దక్కింది కానీ కోసినచోట గుంట పూడటానికి చాలాకాలం పట్టింది. ఇంటికొచ్చాక ఆ కట్టు ఆమే మార్చేది. పొద్దున్నే వరండాలో పీట వేసుకుని కూర్చుంటే, అతను కాలు చాపి మొహం పక్కకి తిప్పుకునేవాడు. అత్తగారు వేడినీళ్ళు కాచి చల్లార్చి ఉంచేది. ఇదివరకైతే ఈ పనికి ఆమె చేతులు వాటంతటవి ఆడేవి. ఇప్పుడు ప్రతిసారీ కట్టు తీసేముందు ఒక్క క్షణం ఆగుతున్నాయి. షుగర్ మందులు వేసుకోమంటే అతను పిల్లాడిలా మారాం చేసేవాడు. దానికి వేరే గొడవలు మొదలయ్యాయి.

కొట్లో అతను రకరకాల సైజుల్లో పాత బూట్లు పోగేసి పెట్టాడు, కుళాయి పక్కన సబ్బు పెట్టాడు. మలుపు దగ్గర ఇసుక ఊడ్పించమని అడిగి అడిగి విసిగిపోయి, తనే చీపురు పట్టుకుని వెళ్ళి ఊడ్చి వస్తున్నాడు. మర్నాటికి గాలి మళ్ళీ పోసిపోతుంది. బూట్లు చూసి కొందరు నవ్వి పక్క కొట్టుకెళ్ళారు. ఇంకొందరు వేసుకున్నారు. వేసుకున్నవాళ్ళలోనూ పడ్డవాళ్ళున్నారు. కట్లక్క గది ముందు బల్ల ఖాళీ అయింది లేదు.

ఒకనాడు ఆమె డాక్టరమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది.

"నన్ను కొన్నాళ్ళు వేరే పనికి మార్చండమ్మా" అంది.

"నువ్వు లేకపోతే ఆ గది నడవదే" అంది డాక్టరమ్మ.

"నడవదని నాకూ తెలుసమ్మా. నేనే నడవలేకపోతున్నాను."

డాక్టరమ్మ ఆమె మొహంలోకి చూసింది. పూర్తిగా మార్చలేదు కానీ, వారంలో కొన్ని రోజులు పసిపిల్లలకు టీకాలు వేసే గదికి పంపింది. అక్కడా ఏడుపులే. సూది గుచ్చగానే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. మరుక్షణం తల్లి భుజం మీద మర్చిపోతారు. మొదటిరోజు పని అయ్యాక కట్లక్క కాసేపు ఆ గదిలోనే పిల్లల్ని తూచే ఖాళీ త్రాసు పక్కన కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి, నడుం పట్టేసింది. మర్నాడు మళ్ళీ కట్ల గది. లేచి, చేతులు కడుక్కుని, తలుపు దగ్గరగా వేసి ఇంటికి బయల్దేరింది.