జీపు పాయింటు

సర్వే ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి దొంగపని పేరు జీపు పాయింటు. ఆ పేరు మా ఆడపిల్లల బృందం పెట్టుకున్నదే, శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో వెతికితే దొరకదు. ఏ ఊళ్లోనైనా మాకు పడిన ఇళ్లన్నీ అయ్యాక ఊరి నడుమ నిలబడి, అరచేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం పట్టుకుని, ఆ చోటు ఎక్కడుందో అంకెల్లో రాసుకోవాలి. పైన నాలుగు ఉపగ్రహాలు దొరికితే గానీ అది అంకె చూపదు. గుట్ట కింద, చెట్ల నీడలో అది ఓ పట్టాన దేన్నీ పట్టుకోదు, ఈలోపు బ్యాటరీలు అయిపోతాయి. కొత్తవి జీపులో ఉంటాయి, జీపేమో ఎక్కడో రోడ్డు మీద ఉంటుంది. ఇక ఏం చేస్తాం? కాళ్లీడ్చుకుంటూ జీపు దాకా వచ్చి, బ్యాటరీలు మార్చి, రోడ్డు పక్కనే అంకె రాసుకునేవాళ్లం. ఊరు పేరు ఊరిదే, చోటు మాత్రం జీపుది.

ఇదంతా రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. డిగ్రీలో లెక్కలు చదివి, సత్తుపల్లి నుంచి ఖమ్మం వచ్చి కిరాయి గదిలో ఉండేదాన్ని. ఎండాకాలమంతా ఊళ్లు తిరిగి ఫారాలు నింపడం, వానలు మొదలయ్యాక ఆఫీసులో కూర్చుని ఆ ఫారాల్ని కంప్యూటర్‌లో శుభ్రం చేయడం, ఇదీ పని. లెక్కలు వచ్చు కదా అని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ములకలపల్లి దాటాక రోడ్డు దిగి రెండు గంటలు నడిస్తే ఒక గూడెం. దారిలో వాగు ఉంది. మే నెల, నీళ్లు చీలమండలు కూడా తడపలేదు, చెప్పులు చేత్తో పట్టుకుని దాటేశాను. నాకు పడిన ఇంట్లో ఒక అవ్వ, ఆమె కోడలు ఉన్నారు. కొడుకు కూలికి పోయాడు. కోడలికి పంతొమ్మిదేళ్లు, తొలిచూలు, ఐదో నెల. వాళ్లిద్దరూ తమలో తాము వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ, నాతో తెలుగులో మాట్లాడారు.

ఇంటి స్థితిగతులు తేల్చడానికి మా ఫారంలో ఒక పెద్ద జాబితా ఉంటుంది. ఫ్యాను ఉందా, టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, మోటారు సైకిల్ ఉందా. ఒక్కోటి నేను అడగడం, అవ్వ లేదనడం. నాలుగోదానికి కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి నాకూ ఆగలేదు. అవ్వ మాత్రం కోప్పడింది. లేనివన్నీ అడుగుతున్నావు, ఉన్నవి అడగవేమని నిలదీసింది. కోళ్లున్నాయి, రెండు గొడ్డళ్లున్నాయి, బుట్టెడు ఇప్పపువ్వు ఎండుతోంది. వాటికి నా దగ్గర గడి లేదని చెప్పడానికి సిగ్గేసింది.

లేవబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది. వాగు సంగతి రాయలేదేమని అడిగింది. ఫారంలో వాగు ప్రశ్నే లేదు.

"వానలల్ల వాగు వస్తే మేం ఎటూ పోలేం బిడ్డా. నొప్పులొస్తే మంచం మీద మోసుకపోవాలె, మంచం గూడ దాటదు. దీనికి వానలల్లనే నెలలు నిండుతయి. గది రాయి."

పెన్సిలుతో ఫారం అంచున రాశాను. "వానకాలంలో వాగు దాటలేరు. కోడలు గర్భిణి." చదివి వినిపించమంది, వినిపించాను. ఇంకోసారి చదివించుకుంది. పైవాళ్లు చూస్తారవ్వా అన్నాను. నిజంగానే చూస్తారనుకున్నాను.

ఆ తర్వాత గూడెం నడుమ నిలబడి యంత్రం తెరిస్తే రెండు ఉపగ్రహాలు దొరికాయి, మూడోది వచ్చి పోయింది, ఇంతలో బ్యాటరీ అయిపోయింది. రోడ్డు దాకా వచ్చి మళ్లీ రెండు గంటలు వెనక్కి ఎవరు నడుస్తారు? నేను నడవలేదు. జీపుకు ఆనుకుని నిలబడి నీళ్లు తాగుతూ అంకె రాసేశాను. జీపు పాయింటు.

వానలు మొదలయ్యేసరికి ఫారాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. అన్ని ఇళ్లకూ పోలేం కాబట్టి పోయిన ఒక్కో ఇల్లూ పోని ఇళ్లు కొన్నింటికి బదులు నిలబడుతుంది. ఎన్నింటికి బదులో చెప్పే అంకెను వెయిట్ అంటారు. అది వేయడం నా పనే. ఫ్యాన్లూ టీవీల జాబితా నుంచి ఒక్కో ఇంటి కలిమికి మార్కులు వేసే ప్రోగ్రాం కూడా నేనే నడిపాను. అవ్వ ఇల్లు అట్టడుగు వరసలో పడింది. అందులో కంప్యూటర్ తప్పేమీ చేయలేదు.

చివరికి ఊళ్ల చుక్కల్ని పటం మీద పెట్టాం. మా అడవి గూడేలు చాలావరకు రోడ్డు పొడవునా, తీగ మీద ఆరేసిన బట్టల్లా వరసగా వచ్చాయి. చూసి అమ్మాయిలం ఒకరినొకరం గిల్లుకుని నవ్వుకున్నాం. నా మొహం, నవ్వడానికి ఏముంది అందులో!

ఆ వారమే మా పైఅధికారి ఒక పని చెప్పారు. ఆయనది కోస్తా వైపు, మెత్తగా మాట్లాడే మనిషి. సర్వే చేయించిన సంస్థ దవాఖానా పక్కన ఒక షెడ్డు వేయిస్తోందట. రోడ్డుకు దూరంగా ఉన్న గూడేల నుంచి నెలలు నిండబోయే ఆడవాళ్లను వాగులు రాకముందే తెచ్చి, కాన్పు అయ్యేదాకా అక్కడ ఉంచుతారట. ఆ గూడేలు ఏవో మన డేటాలోంచే జాబితా తీయాలి. తీశాను. రోడ్డుకు దూరం అని అడిగితే అవ్వ గూడేనికి సున్నా వచ్చింది. జాబితాలో ఆ పేరు లేదు.

ఫారం వెతికి తీశాను. అంచున నా పెన్సిలు రాత అట్లాగే ఉంది. గడుల్లో లేనిది టైపు చేయకూడదని టైపు చేసేవాళ్లకు చెప్పి ఉంచిందీ నేనే. ఆ కాగితం పట్టుకుని సారు గదిలోకి పోయి, ఈ గూడెం అంకె రోడ్డు మీద రాసుకున్నానని ఒప్పేసుకున్నాను.

ఆయన కోప్పడలేదు. "ఇదొక్కటేనా అమ్మా, ఇంకా ఉన్నాయా? ఉంటే చెప్పండి. అన్నీ మళ్లీ తిరిగి తెప్పిస్తాను."

అద్దం తలుపు అవతల అమ్మాయిలు తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. అంకెలు దొంగవని తేలితే ఆ నెల జీతం ఆపి ఇంటికి పంపిస్తారని మా అందరికీ ముందే చెప్పి ఉన్నారు. వాళ్లతో కలిసి తిన్నాను, ఒకే చాప మీద పడుకున్నాను. ఎట్లా చెప్పను?

"ఇదొక్కటేనండి" అన్నాను.

"ఒక్కటేగా. ఒక్క చుక్కతో మొత్తం లెక్క ఏమీ మారదు. కొత్త అంకె లేకుండా నేను దిద్దకూడదు, ఒక్కదాని కోసం జీపు పంపలేను. వదిలేయండి."

చేత్తో ఒక పేరు చేర్చడం కుదరదా అని బతిమాలాను. అట్లా మొదలుపెడితే ప్రతివాళ్లూ వాళ్ల ఊరు చేర్చమంటారని, అందుకే కదా కంప్యూటర్ పెట్టుకున్నదని అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ గది బయటికి వచ్చేటప్పుడు నాకు ఊపిరి తేలికైంది. అమ్మాయిల ఉద్యోగాలు నిలిచాయి, నాదీ నిలిచింది.

ఆదివారం బస్సెక్కి నేనే పోయి అంకె తెద్దామనుకున్నాను. ఆ ఆదివారం ముసురు పట్టింది. తర్వాతి ఆదివారానికి వాగు వచ్చిందన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు, ఎవరో ఒకరు అనాలనే ఎదురుచూశానేమో. రోజూ తలచుకుంటూనే రోజూ వాయిదా వేశాను.

వానలు వెనకబట్టాక పోయాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టి నీళ్లిచ్చింది. నేను అడగకముందే చెప్పింది. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయట. నలుగురు మగవాళ్లు మంచం కట్టి వాగు దాకా మోశారట. వాగు రెండు గట్లూ నిండి పోతోంది. తగ్గుతుందేమోనని మంచం గట్టు మీద దించి, పైన తాటాకులు కప్పి కూర్చున్నారట. మధ్యాహ్నం దాకా అరిచింది, తర్వాత అరవలేదు. బిడ్డ కడుపులోనే ఉండిపోయింది. అవ్వ ఏడవలేదు, ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది.

"నువ్ రాసినవ్ గద బిడ్డా. రెండుసార్లు సదివి ఇనిపిచ్చినవ్. మల్ల ఎవలూ రాలేదేంది?"

"రాశానవ్వా" అన్నాను.

"అవ్, నువ్ రాసినవ్. పైనోళ్లే సూడలే" అంది.

నేను ఆ మాట దిద్దలేదు. ఆమె నన్ను మంచిదాన్నిగానే ఉంచుకుంది, నేను ఉండనిచ్చాను. ఇన్నేళ్లయినా నాలో అన్నిటికంటే అసహ్యం నాకు ఆ నిమిషమే.

ఆ రోజు సంచీ నిండా బ్యాటరీలు తెచ్చుకున్నాను. గూడెం నడుమ ఎంతసేపైనా నిలబడదామనుకుని నిలబడ్డాను. నాలుగు ఉపగ్రహాలూ దొరికాయి. ఆ అంకె తీసుకుపోయి సారు బల్ల మీద పెట్టి, ఆ పిల్ల చనిపోయిందని చెప్పాను. ఆయన ఆ అంకె చదివి కాగితం పక్కన పెట్టారు. తర్వాత, ఫైలు మూసేసి పైకి పంపేశామని, మూసిన ఫైల్లో ఏదీ మార్చరని అన్నారు. పోనీ ఫైల్లో ఆమె వివరాలున్న వరసైనా తీసేయమన్నాను. తీయకూడదట. సర్వే చేసిన రోజున మనిషి ఎట్లా ఉంటే అట్లాగే లెక్క, ఆ రోజుకు ఆమె బతికే ఉంది కదా, అందులో తప్పేముంది అన్నారు. నిబంధన ప్రకారం ఆయన మాట నిజం.

ఆ ఫైలు ఇప్పటికీ ఉంది. చదువుకునే పిల్లలు తీసుకుని లెక్కలు వేస్తుంటారు. ఆమె వరసలో నేను వేసిన వెయిట్ అట్లాగే ఉంటుంది, ఎక్కడెక్కడి గర్భిణులకో ఆమె బదులు నిలబడుతూనే ఉంటుంది. ఆమెకు అందులో ఇంకా ఐదో నెలే. ఇల్లు రోడ్డు పక్కనే.