ఖాళీ అరలోని రెండో కార్డు

దయ్యం కథ ఎవరు మొదలుపెట్టినా "ముందు వైరింగు చూశారా?" అని అడిగే మనిషిని నేను. నెట్‌వర్క్ పని నా బతుకుతెరువు. అందులో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ఈ ఒక్క సంగతిలో మాత్రం వెతికి వెతికి ఆగిపోయాను.

సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖానకు నెట్‌వర్క్ నేనే చూస్తాను. ఐసీయూలో ఆరు బెడ్లు, ఒక్కోదానికి ఒక మానిటర్. అక్కడి గుండె గీతలు కేబుళ్ల మీద స్టోర్‌రూమ్‌లోని పెద్ద స్విచ్‌కు, అంటే కేబుళ్లన్నీ కలిసే డబ్బాకు వెళ్లి, అక్కడి నుంచి నర్సుల టేబుల్ మీది తెరకు వస్తాయి. అలారం కూడా ఆ టేబుల్ దగ్గరే మోగేలా పెట్టారు.

ఆ స్విచ్‌ను నడిపేవి రెండు మేనేజ్‌మెంట్ కార్డులు. ఒకటి పని చేస్తుంటే రెండోది కనిపెట్టుకుని ఉంటుంది. మొదటిది పడిపోతే రెప్పపాటులో రెండోది అందుకుంటుంది. రెండూ లేకపోతే అది ఉత్త ఇనుప డబ్బా.

ఆ వేసవిలో రెండో కార్డు మొరాయించింది. నా చేతులతోనే పీకి రిపేరుకు హైదరాబాద్ పంపాను. ఖాళీ అరకు రేకు మూత బిగించాను. కిరాయికి ఇంకోటి తెప్పిద్దామా అని మేనేజర్ అడిగితే, "పది రోజులే కద సార్, ఒక్కదానితోని నడుస్తది" అన్నది నేనే.

ఆరో రోజు మధ్యాహ్నం మూడు దాటింది. నర్సుల టేబుల్ దగ్గర ప్రింటర్ బాగుచేస్తున్నాను. డ్యూటీలో సుజాత సిస్టర్ ఉంది. నాలుగో బెడ్డులో రాయపోల్ నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమె కూతురు లక్ష్మి గాబరాగా వచ్చింది.

"సిస్టర్, మా అవ్వ సల్లవడ్డది. జర రాన్రి."

సుజాత తెర చూసింది. నాలుగో బెడ్డు, గుండె వేగం డెబ్బై రెండు. గీత నిమ్మళంగా నడుస్తోంది.

"మంచిగనే ఉన్నదమ్మా. ఏసీకి చేతులు అట్లనే అయితయి."

లక్ష్మి వినలేదు. సుజాత చెయ్యి పట్టి గుంజుకుపోయింది. లోపల, బెడ్డు పక్క మానిటర్ మీద గీత ఎగుడుదిగుడు లేకుండా చదునుగా ఉంది.

డాక్టర్ పరుగున వచ్చాడు. ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. ఆమె మళ్లీ ఊపిరి తీసుకోలేదు.

నేను మాత్రం తెర ముందే నిలబడిపోయాను. అక్కడ ఆమెకు డెబ్బై రెండు. కాసేపటికి డెబ్బై నాలుగు. తెర బిగుసుకుపోయిందా అంటే, మూలన గడియారం సెకన్లు కదులుతున్నాయి. వేరే బెడ్డు గీత ఇటు వచ్చిందేమోనని మిగతా ఐదింటితో పోల్చాను. ఏదీ దీనిలా లేదు.

స్టోర్‌రూమ్‌కు పరుగెత్తాను. మొదటి కార్డు దీపం ఆరిపోయి ఉంది. అంటే స్విచ్ మొత్తం ఆగిపోవాలి. కానీ కేబుళ్ల దీపాలు మినుకుమంటూనే ఉన్నాయి. స్విచ్ తన పని రాసుకునే చిట్టాను లాప్‌టాప్‌లో తెరిచాను. మూడు గంటల పదకొండు నిమిషాలకు మొదటి కార్డు ఆగింది. రెండో కార్డు బాధ్యత తీసుకుంది అని ఉంది అందులో.

రెండో అర మూత విప్పాను. ఖాళీ. వేళ్లు పెట్టి తడిమాను. వెనక పిన్నులు తగిలాయి, అంతే.

ఇక మిగతా ఐదుగురి గీతలను మాత్రం ఎలా నమ్మేది? వెనక్కి పరుగెత్తాను.

"సిస్టర్, ఒక్కో బెడ్డు కాడ ఒక మనిషిని నిలవెట్టున్రి. తెరను నమ్మకున్రి."

వాళ్లు నిలబడ్డాక వెళ్లి స్విచ్‌కు కరెంటు తీసేశాను. ఐదు గీతలూ ఆ క్షణమే పోయాయట. నాలుగోది ఇంకొంచెం సేపు నడిచిందని సుజాత చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

మళ్లీ కరెంటు ఇస్తే మొదటి కార్డు ఏమీ జరగనట్టు లేచింది. కంపెనీ నుంచి పరీక్షించడానికి వచ్చినవాళ్లు చిట్టా తప్పు రాసిందన్నారు. తెర సంగతికి జవాబు చెప్పలేదు. రిపోర్టులో 'సాంకేతిక లోపం' అని రాస్తే నేనూ సంతకం పెట్టాను. ముందే చూసి ఉంటే ఆమె బతికేదా అని డాక్టరును అడిగాను. ఆయన ఇంకో పేషెంటు దగ్గరికి నడిచాడు.

దినాలయ్యాక లక్ష్మి కాగితాల కోసం వచ్చింది. దాచలేకపోయాను. ఒక్క కార్డుతో నడిపింది నేనేనని, తెర మీద నడిచిన గీత మీ అవ్వది కాదని చెప్పాను.

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మా అవ్వది కాకుంటే మరి ఎవలది సారూ?"