బోర్లించిన చెప్పులు

గౌస్ సార్ ఇక లేరు. మొన్న గురువారం పొద్దున షాద్‌నగర్‌లో నేను భద్రతాధికారిగా పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసుకు కొత్తకోట నుంచి ఫోను వచ్చింది. సార్ మేనల్లుడి గొంతు. "మామ పోయిండన్నా" అన్నాడు. "ఏడికి పోయిండు?" అని అడిగాను. అంత పిచ్చి ప్రశ్న నా జన్మలో వేసి ఎరగను. ఆదివారం మా ఫ్యాక్టరీ చూడవచ్చి, నా ఎదురుగా కూర్చుని, చాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకుని తిని, మంటలార్పే ఇసుక బకెట్లలో బీడీ ముక్కలున్నాయని నన్ను నలుగురిలో చెడామడా తిట్టి బస్సెక్కిన మనిషి, గురువారానికి పోవడమేమిటి? ఇప్పటికీ నా బుద్ధి దాన్ని అంగీకరించడం లేదు.

కార్మికుల భద్రత అనే మాట ఫ్యాక్టరీ గోడల మీద రాతగా మాత్రమే ఉన్న రోజుల్లో, దాన్ని నిత్యానుష్ఠానంగా ఆచరించిన ధన్యజీవి ఆయన. పశువుల దాణా తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో సుదీర్ఘకాలం భద్రతాధికారిగా పనిచేసి, రెండేళ్ల క్రితమే విరమణ పొందారు. ఎనభైల చివర్లో నేను ఆయన దగ్గర అప్రెంటిస్‌గా చేరాను. మాది మర్రిగూడ దగ్గర పల్లె. బాపు గొర్ల కాపరి. ఆ నేల ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ నడుము వంగిపోయినవాడు. నాకు తెలిసిన చదువల్లా మోటార్ల గురించి నేర్చుకున్న నాలుగు ముక్కలే.

మొదటి రోజు పుస్తకం ఇస్తారనుకున్నాను. గేటు దగ్గర ఒక స్టూలు వేయించి కూర్చోబెట్టారు. "వారం దినాలు మొఖాలు చూడకు. కాళ్లు, చేతులు చూడు. ఎవని చెప్పు తెగింది, ఎవని ఏలికి కట్టున్నది, ఎవడు కుంటుతుండు, గది జెప్పు నాకు" అన్నారు. ఇదేం ఉద్యోగంరా దేవుడా అని లోలోపల ఏడ్చుకున్నాను. వారం గడిచాక పిలిచి, "మీ బాపు పొద్దుమీకి మందను ఎందుకు లెక్కవెడ్తడు?" అని అడిగారు. పొద్దున తోలుకపోయినవన్నీ తిరిగి రావాలె గద సార్ అన్నాను. "గంతే బేటా. మన నౌకరీ గూడ గదే. గేట్లకొచ్చినోళ్లంత పొద్దుమీకి బయటవడాలె, చేతి ఏళ్లన్నిటితోని." నాటి నుంచి నేటి వరకు నేను చదివిన ఏ నిబంధనావళిలోనూ ఇంతకు మించిన సారాంశం కనిపించలేదు.

పని ఆపడానికి ఆయన జంకేవారు కాదు. ఒకసారి మేనేజరు మండిపడి వెళ్లిపోయాక నాతో అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది: "జర అనుమానమొస్తే ఆపెయ్. సాబ్ కోపం రేపటికి తగ్గుతది. తెగిన ఏలు మల్ల మొలుస్తదా?"

ఇక చెప్పక తప్పనిది ఎల్లయ్య సంగతి. ఇన్నేళ్లూ దీన్ని నేనెక్కడా రాయలేదు.

దాణా కలిపే పెద్ద ఇనుప తొట్టిలో రెక్కలు తిరుగుతుంటాయి. దాన్ని శుభ్రం చేయడానికి రోజూ ఎల్లయ్య లోపలికి దిగేవాడు. మనిషి లోపలున్నాడని బోర్డు పెడితే చదవగలిగినవారు తక్కువ. అందుకని సార్ ఒక పద్ధతి పెట్టారు. లోపలికి దిగేవాడు తన చెప్పులు విడిచి, స్విచ్చి కింద బోర్లించి పోవాలి. బోర్లా ఉన్నంతసేపు స్విచ్చి ముట్టరాదు. ఆ పద్ధతి నాకూ చెప్పారు. తలకాయ ఊపాను.

ఒకరోజు అటుగా పోతూ, పరధ్యానంలో, బోర్లా పడివున్న చెప్పులను కాలితో సక్కగా తిప్పి వెళ్లిపోయాను. బోర్లపడ్డ చెప్పులు కొట్లాట తెస్తాయని మా అవ్వ చిన్నప్పటి నుంచి మొత్తుకునేది. ఆమె మాట నా తలలో కాదు, నా కాలిలో ఉండిపోయింది. మిషన్ నడిపే నర్సింహ వచ్చాడు. చెప్పులు సక్కగా ఉన్నాయి. స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ఆగూ!" అని ఒక కేక. ఆ కేకకు నర్సింహ స్విచ్చి మీది నుంచి చెయ్యి తీసేశాడు. దూరంగా నిలబడ్డ సార్, సుతిలి దారంతో కట్టిన ఆ చెప్పును గుర్తుపట్టారు. "గవి ఎల్లయ్య చెప్పులు. ఎల్లయ్య కాళ్లేవిరా?" అంటూ ఉరికొచ్చారు. తొట్టిలోంచి ఎల్లయ్య తల బయటపెట్టి, "ఏమైంది సార్?" అన్నాడు.

నర్సింహను తీసేయాలని మేనేజరు పట్టుబట్టాడు. ఆ పూటంతా నేను నోరు మెదపలేదు. అది నా పాపం. సాయంత్రం నర్సింహ గేటు దగ్గర మొకాన తువాల కప్పుకుని కూర్చుంటే, అతన్ని చూడలేక సార్ దగ్గరికి పోయి ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. కొడతారనుకున్నాను. తల పట్టుకుని కూర్చున్నారు. మరునాడు మేనేజరుతో అన్న మాటలివి: "తప్పు నాది సార్. మన దిక్కు బోర్లవడ్డ చెప్పును సక్కగ వెట్టనోడు ఎవడున్నడు? గసుంటి గుర్తు వెట్టిన నాకు అకల్ లేదు. పిలగాండ్లనేమనకుండ్రి." నర్సింహ కొలువు నిలిచింది. నాదీ నిలిచింది.

ఆ రోజు నుంచి పద్ధతి మారింది. తొట్టి మోటారు ఫ్యూజు పీకి, లోపలికి దిగేవాడి జేబులోనే వేయాలి. అప్రెంటిస్‌షిప్ ముగిసేదాకా రోజూ నా చేత్తోనే ఎల్లయ్యకు ఫ్యూజు ఇప్పించారు. అదే నాకు వేసిన శిక్ష. ఎల్లయ్య దాన్ని జేబులో వేసుకుంటూ నవ్వేవాడు: "మీ అవ్వ మాట నన్ను సంపుతుండె గదనే!" నాకు మాత్రం ఒక్కనాడూ నవ్వు రాలేదు.

గురువారం నేను కొత్తకోట చేరేసరికి మధ్యాహ్నమైంది. సార్ భార్య నన్ను చూసి భోరుమంది. "నాలుగైదొద్దుల సంది ఛాతిల మంట అంటుండె బిడ్డా. దవాఖానకు పోదమంటే గ్యాసే, ఫికర్ జెయ్యకు అన్నడు." నాకు దుఃఖం కంటె ముందు కోపం వచ్చింది. జర అనుమానమొస్తే ఆపాలని ఇంతమందికి చెప్పిన మనిషి! ఆదివారం నా ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ మంట ఉండే ఉంటుంది. ఆయన చూపిస్తే ఇసుక బకెట్లలో బీడీ ముక్కలు చూసిన నేను, ఎదుట కూర్చున్న ఆ మహానుభావుడి చెయ్యి ఛాతీ మీదికి పోయిందో లేదో చూడలేదు. కాళ్లు చేతులు చూడమని నేర్పింది ఆయనే. ఇక నా పనిలో లోపం చూపి తిట్టేవారు ఎవరున్నారు? ఈ లోటు పూడేది కాదు.

వాకిట్లో జనం చెప్పులు కుప్పలుగా పడివున్నాయి. వాటి మధ్య సార్ తోలు చెప్పులు, ఎవరి కాలో తగిలి, రెండూ బోర్లా పడ్డాయి. నా కాలు కదిలింది. ఆపుకున్నాను. పక్కింటి ముసలమ్మ ఒకామె వంగి, "అయ్యో, బోర్లవడ్డయి, మంచిది గాదు" అంటూ చెయ్యి చాచింది.

"ముట్టకవ్వా, సార్ లోపలున్నడు" అన్నాను.

ఆమె నా మొహం చూసి, ఏమనుకుందో, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను అక్కడే నిలబడ్డాను. నలుగురి భుజాల మీద జనాజా వాకిలి దాటింది. అప్పుడు వంగి, రెండు చేతులతో ఆ చెప్పులు సక్కగా పెట్టాను.