నల్లగొర్రెకు పౌడరు

మా క్రిస్మస్ సినిమా మొత్తం ఇరవై రెండు నిమిషాలు. అందులో ప్రేమ ఉంది, నవ్వులాట ఉంది, ఒక పాట కూడా ఉంది. రాసింది నేనే, తీసింది నేనే. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసే ఆడమనిషి సినిమా తీసిందంటే కొందరు నవ్వుతారు. నవ్వనీ. కంపెనీ బస్సులో పోతూ వస్తూ పాత డైరీలో ఒక్కో సీనూ రాసుకున్నాను. కుదుపులకు అక్షరాలు వంకరపోయాయి గానీ కథ వంకరపోలేదు.

కథ కొత్తదేం కాదు, నాదే. గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టి, చర్చికి పోయే ఇంటి అబ్బాయిని ఇష్టపడి చేసుకున్నాను. సినిమాలో దాన్ని తిప్పి రాశాను. అబ్బాయి గొర్లకాపరి, అమ్మాయి సంఘపెద్ద కూతురు. క్రిస్మస్ నాటకంలో కాపరి వేషం వేయాల్సినవాడికి జ్వరమొస్తే, నిజం కాపరినే పట్టుకొచ్చి నిలబెడతారు. తమాషా అంతా అక్కడ మొదలవుతుంది.

నా నిజం పెండ్లిలో అంత తమాషా లేదు. బాపు రాలేదు. మా ఇండ్లలో ఆడపిల్లకు పెండ్లప్పుడు ఒక గొర్రెనూ దాని పిల్లనూ అరణమని ఇచ్చి పంపుతారు. అక్కకు ఇచ్చాడు, నాకు ఇవ్వలేదు. ఐదు కిలోమీటర్ల దూరంలో ఉండి కూడా మూడేండ్లు మా గడప తొక్కలేదు. ఫోన్ చేస్తే "మంచిగున్నవా బిడ్డా" అని అడిగి, జవాబు వినకముందే ఫోన్ అమ్మ చేతిలో పెట్టేవాడు. ఆ గొర్రె నాకు రాలేదన్న బాధ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఉండేది.

హీరోగా మా మరిదిని పెట్టాను. హీరోయిన్ మా వాడలోనే నర్సింగ్ చదివే పిల్ల. మొదటి రోజే మరిది అడ్డం తిరిగాడు.

"వదినా, ఆ పిల్ల నాకు చెల్లె వరుసైతది. చెయ్యి పట్టుకోమంటే నాతోని కాదు."

"సినిమాల్నే గదరా!"

"సినిమాలైతే ఏంది? రేపు పొద్దుగాల ఎదురుపడితే అన్నా అనే పిలుస్తది."

వరుస కుదిరే పిల్లలు వాడలో ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరూ కెమెరా అంటేనే ఇంట్లోకి ఉరికారు. ఇక చేసేదేముంది? చేతులు పట్టుకునే సీన్లన్నీ కొట్టేశాను. కేకు ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం, ఇంటిమీద నక్షత్రం కట్టే కర్రను చెరో కొస పట్టుకుని మోయడం, వీటితోనే ప్రేమ నడిపించాను. ఇప్పుడు చూస్తే అదే బాగుంది. సంఘపెద్ద వేషం మా ఆయనకిచ్చి, జుట్టు నెరిసినట్టు కనిపించాలని పౌడరు డబ్బా తెచ్చాను. కొంప ముంచింది ఆ డబ్బానే.

గొర్లు కావాలి. గుండె దిటవు చేసుకుని బాపుకు ఫోన్ చేశాను.

"గొర్లనొకల చేతుల పెట్టను. నేనే తోల్కొస్త," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, వెనక పది నల్లగొర్లు. చర్చి గోడ బయటే నిలబడ్డాడు. మా అత్తమ్మ చాయ్ తెస్తే "ఇప్పుడే తాగొచ్చిన" అన్నాడు. అది అబద్ధమని అత్తమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

క్రిస్మస్ కార్డుల మీద గొర్రెలు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. హీరో భుజానికెత్తుకునే గొర్రెపిల్ల బొగ్గులా ఉంటే ఏం బాగుంటుందనిపించింది. బాపు ఆ పిల్లనూ దాని తల్లినీ మా దగ్గర వదిలి మిగతా గొర్లను నీళ్లకు తోలుకుపోయిన సందు చూసి, డబ్బాలో సగం పౌడరు ఆ పిల్లకు పూశాను. మల్లెపూల వాసన గుప్పుమంది. సీను బ్రహ్మాండంగా వచ్చింది.

సీను అయ్యాక పిల్లను వదిలితే పాలకు తల్లి దగ్గరికి ఉరికింది. తల్లి వాసన చూసి తలతో కుమ్మింది. పిల్ల మళ్లీ పోయింది, మళ్లీ కుమ్మింది. గొర్రె తన పిల్లను వాసనతోనే గుర్తుపడుతుందని నాకు నడక రాకముందే తెలుసు. తెలిసీ చేశాను.

బాపు తిరిగొచ్చి చూశాడు. "ఎవరు జేసిన్రు?"

"నేనే బాపూ. కార్డుల మీద తెల్లగుంటయి గదాని..."

"మన గొర్లు నల్లగుంటయి. అండ్ల సిగ్గేంది బిడ్డా?"

తిట్టినా బాగుండేది. తల ఎత్తలేకపోయాను.

మా ఆయన తెల్లజుట్టుతోనే చర్చి పక్కనున్న మా ఇంట్లోకి ఉరికి బకెట్లో వేడినీళ్లు తెచ్చాడు. బాపు పిల్లను ఎత్తుకుని చర్చి గేటు దాటి లోపలికొచ్చాడు. "జర పట్టు," అన్నాడు మా ఆయనతో. మూడేండ్లలో అల్లుడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. ఇద్దరూ కూర్చుని పిల్లను కడిగారు. బాపు దాన్ని గొంగడితో తుడిచి, తల్లి పాలు పిండి దాని వీపుకూ తోకకూ రాశాడు. తల్లి మూతి దగ్గరకు తెస్తే అది చాలాసేపు వాసన చూసింది. తర్వాత సన్నగా అరిచి నిలబడింది. పిల్ల తోకాడిస్తూ పాలు తాగుతుంటే నేను ఏడ్చేశాను. సిగ్గేముంది, వెక్కివెక్కి ఏడ్చాను.

నేను చెప్పినట్టు ఫోన్‌తో సినిమా తీస్తున్న మా వాడ అబ్బాయి ఇదంతా ఆపకుండా తీశాడు. చూశాక, హీరో చెప్పాల్సిన రెండు పేజీల డైలాగు చింపేసి దీన్నే ఆఖరి సీను చేశాను. కాపరి తండ్రి, సంఘపెద్ద కలిసి గొర్రెపిల్లను కడుగుతారు. ఇక వేరే మాటలు అక్కర్లేదు.

పండుగనాడు భోజనాలయ్యాక చర్చిలో కిటికీలకు దుప్పట్లు కట్టి తెరమీద వేశాం. బాపు వస్తాడో రాడోనని నా కండ్లు తలుపు మీదే ఉన్నాయి. పాట అయిపోతుండగా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆఖరి సీనుకు అందరూ చప్పట్లు కొడుతుంటే ఒక పెద్దమనిషి "మస్తు జేసినవే!" అని ఆయన భుజం తట్టాడు.

"నేను జేసిందేముంది? గొర్లు నావి. సినిమా నా బిడ్డది," అన్నాడు బాపు, అందరికీ వినపడేట్టు. నా జన్మలో అంత గర్వపడ్డది లేదు.

ఇంటికొచ్చేసరికి మా గుంజకు ఆ గొర్రె కట్టేసి ఉంది. పక్కన పిల్ల. బాపు అరుగు మీద కూర్చుని అత్తమ్మ ఇచ్చిన చాయ్ తాగుతున్నాడు.

"అక్కకిచ్చిన, నీకియ్యొద్దా?" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

ఇప్పుడు మా దొడ్లో ఆరు గొర్లున్నాయి. అన్నీ నల్లవే.